కత్తెర ఎవరి చేతిలో

రాక్ బ్యాండ్ పింక్ ఫ్లాయిడ్ వీరాభిమాని దగ్గర ‘ఎకోస్’ అన్నామంటే, పాట గురించా, సంకలనం గురించా అని అడుగుతాడు. పాట గురించైతే అతని కళ్లు అరమోడ్పులవుతాయి. సంకలనమంటే మొహం చిట్లిస్తాడు. 2001 నవంబరులో వచ్చిన ఆ రెండు సీడీల జోడు బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ రెండో స్థానం దాకా ఎక్కింది, లక్షల్లో అమ్ముడైంది. అయినా ఆ బ్యాండ్ ఆల్బంల వరసలో దానికి పీట వేసి కూర్చోబెట్టినవాళ్లు అరుదు. పింక్ ఫ్లాయిడ్‌కు గ్రేటెస్ట్ హిట్స్ ఏమిటని ఈసడింపు. ఇవాళ ఆ పీట నేను వేస్తాను. వేశాక ఒక తగాదా కూడా పెట్టుకుంటాను.

ఈసడింపులో కొంత న్యాయం లేకపోలేదు. మన సినిమా పాటకు ఈ బాధ లేదు. ఘంటసాల హిట్స్ అనో ఇళయరాజా హిట్స్ అనో క్యాసెట్టు నిండా పాటలు నింపినా ఒక్క పాటకూ గీత పడదు. అవి సినిమాలో ఉంటూనే సినిమాకు బయట రేడియోలో, పెళ్లి పందిట్లో, బస్సులో బతకడం నేర్చుకున్న పాటలు. సినిమా పేరు కూడా మరిచిపోతాం, పాట నోట్లో ఉంటుంది. ప్రోగ్రెసివ్ రాక్ లెక్క వేరు. 1960ల చివర్లో, 70ల మొదట్లో ఇంగ్లండ్ కుర్రాళ్లు కొందరు మూడు నిమిషాల పాట అనే కొలతను పక్కన పడేసి, ఎల్పీ రికార్డును కొలతగా తీసుకున్నారు. 1972లో యెస్ బ్యాండ్ ‘క్లోజ్ టు ది ఎడ్జ్’ పాటతో రికార్డు ఒక పక్కంతా నింపింది. అదే ఏడు జెత్రో టల్ వాళ్ల ‘థిక్ యాజ్ ఎ బ్రిక్’ రెండు పక్కలా కలిపి ఒకటే పాట, నలభై నిమిషాల పైచిలుకు. తర్వాత 1976లో జెత్రో టల్ సంకలనం వేసినప్పుడు అందులోంచి మూడు నిమిషాలు కోసి పెట్టారు. విన్నవాళ్లకు తప్పకుండా బాగుంటుంది. ఆ పాట విన్నట్టు మాత్రం లెక్క కాదు.

పింక్ ఫ్లాయిడ్ ఈ రోగానికి మూలపురుషుల్లో ఒకరు. 1973 నాటి ‘ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్’ గుండె చప్పుడుతో మొదలై గుండె చప్పుడుతోనే ఆగుతుంది. ఒక పాట పూర్తయిందా, రెండోది మొదలైందా అన్నది చాలాచోట్ల చెప్పలేం. మన ఇంజినీరింగ్ కాలేజీ హాస్టళ్లలో ఈ బ్యాండ్‌ను విన్న తరం ఒకటుంది. కంప్యూటర్ నుంచి కంప్యూటర్‌కు పాకిన ఎంపీత్రీ ఫోల్డర్లే వాళ్ల ఎల్పీలు. ‘ది హ్యాపియెస్ట్ డేస్ ఆఫ్ అవర్ లైవ్స్’ చివర ఒక కేక పడుతుంది, ఆ కేక మీదే ‘అనదర్ బ్రిక్ ఇన్ ది వాల్’ రెండో భాగం అందుకుంటుంది. షఫుల్‌లో పెట్టిన హాస్టల్ కంప్యూటర్‌లో ఆ కేక తర్వాత ఏ మెగాస్టార్ పాటో వచ్చేది. నిజం చెప్పాలంటే అదీ ఒక రకంగా కుదిరేది. కానీ పాటల మధ్య కీలు విరిగితే ఈ బ్యాండ్‌లో ఏం పోతుందో ఆ ఫోల్డర్లు బాగా నేర్పాయి.

కంపెనీలకు ఈ కీళ్ల గొడవ ఎప్పుడూ పట్టలేదు. 1981లో ‘ఎ కలెక్షన్ ఆఫ్ గ్రేట్ డాన్స్ సాంగ్స్’ అని ఆరు పాటల సంకలనం వచ్చింది. పేరు బ్యాండ్ వేసిన జోకే. వాళ్ల పాటలకు నాట్యం చేయగలవాడు ఇంకా పుట్టలేదు. అసలు తమాషా ‘మనీ’ పాట దగ్గర జరిగింది. ఆ రికార్డింగు హక్కు అమెరికాలో క్యాపిటల్ కంపెనీది, సంకలనం వేస్తున్నది కొలంబియా. క్యాపిటల్ ఇవ్వనంది. దాంతో బ్యాండ్ గిటారిస్టు డేవిడ్ గిల్మోర్ స్టూడియోలో కూర్చుని, శాక్సోఫోన్‌కు డిక్ ప్యారీని పిలిచి, మిగతాదంతా దాదాపు తనే వాయించి ఆ పాటను మళ్లీ తయారు చేశాడు. డబ్బు మీద వెటకారంగా రాసిన పాటను డబ్బు తగాదాలో రెండోసారి రికార్డు చేయాల్సి వచ్చింది!

అక్కడి నుంచి ఇరవై ఏళ్లకు ‘ఎకోస్’ వచ్చింది. ఇరవై ఆరు పాటలు. కూర్చిన చేయి జేమ్స్ గత్రీది. ‘ది వాల్’ ఆల్బం రోజుల నుంచీ వీళ్ల ధ్వని తెలిసిన ఇంజినీరు. ఎంపికలో బ్యాండ్ సభ్యులు రోజర్ వాటర్స్, గిల్మోర్, నిక్ మేసన్, రిక్ రైట్ నలుగురి మాటా ఉంది. ఆ నలుగురు 1981 తర్వాత ఒక వేదిక మీద నిలబడింది లేదు. 1986లో బ్యాండ్ పేరు కోసం వాటర్స్ హైకోర్టు మెట్లెక్కాడు, మరుసటేడు చివర రాజీ పడ్డారు. మళ్లీ నలుగురూ కలిసింది 2005 జులై 2న, లండన్ లైవ్ 8 కచేరీలో, అదీ ఒక్క పూట. మధ్యలో 2001లో వాళ్లు కలిసి చేసిన పని ఏదైనా ఉందంటే ఈ సంకలనమే. కోర్టులో కలవనివాళ్లను గత్రీ టేపు మీద కలిపాడు.

ఎలా కలిపాడన్నది చూడాలి. కాలక్రమం వదిలేశాడు. పాటకూ పాటకూ మధ్య నిశ్శబ్దం తీసేసి ఒకదాని తోకను ఇంకోదాని తలలోకి పంపాడు. 1971 నాటి ‘ఎకోస్’ ముగుస్తుంటే 1979 నాటి ‘హే యూ’ వస్తుంది, దాని వెనక 1994 నాటి ‘మరూన్డ్’, ఆ వెనక 1973లోకి ‘ది గ్రేట్ గిగ్ ఇన్ ది స్కై’, ఆ వెనక ఇంకా లోతుకు 1968. వాటర్స్ వెళ్లిపోయాక గిల్మోర్ నడిపిన బ్యాండ్ అసలు పింక్ ఫ్లాయిడ్ అవునా అన్న వాదం అభిమానుల్లో దశాబ్దాలుగా నడుస్తోంది. ఈ సీడీ ఆ వాదాన్ని పట్టించుకోదు. చెవికి అడ్డుగోడ తగలదు. ఎల్పీ పద్ధతిలో ఆలోచించే బ్యాండ్‌కు సంకలనం చేయాలంటే ఇంకో ఎల్పీ లాగే చేయాలని గత్రీకి తెలుసు.

రెండో సీడీలో ఒక చోటు ఉంది, నేను ఈ సంకలనానికి పీట వేసింది అందుకోసమే. ‘ది ఫ్లెచర్ మెమోరియల్ హోమ్’ తర్వాత ‘కంఫర్టబ్లీ నమ్’, దాని తర్వాత ‘వెన్ ది టైగర్స్ బ్రోక్ ఫ్రీ’. రోజర్ వాటర్స్ తండ్రి ఎరిక్ ఫ్లెచర్ వాటర్స్ 1944 ఫిబ్రవరిలో ఇటలీలోని ఆంజియో యుద్ధంలో చనిపోయాడు. కొడుక్కి అప్పటికి అయిదు నెలలు. మొదటి పాట పేరులో ఆ తండ్రి పేరుంది, మూడో పాట ఆ చావు గురించే. ‘ది వాల్’ సినిమాకు వాడుకున్న ఆ మూడో పాటకు అప్పటిదాకా ఏ ఆల్బంలోనూ చోటు దొరకలేదు. రెండింటి నడుమ ఉన్నది గిల్మోర్ బాణీ, చివర్లో గిల్మోర్ గిటార్, రాక్ సంగీతంలో ఎక్కువమంది కంఠతా పట్టిన సోలోల్లో ఒకటి. తండ్రి లేని కొడుకు రెండు పాటలకు మధ్య, ఆ కొడుకుతో మాటలు మానుకున్న స్నేహితుడి గిటార్‌ను పెట్టారు. ఏ అసలు ఆల్బంలోనూ ఈ మూడూ ఒక వరసలో లేవు. సంకలనం ఒక్కటే చెప్పగల మాట ఇది.

సిడ్ బారెట్ సంగతీ అంతే. బ్యాండ్‌ను పుట్టించి, 1968లో మనసు చెదిరి బయటపడిన మనిషి. వాళ్లతో అతను పూర్తిగా చేసిన ఆల్బం ఒకటే. ఇరవై ఆరింటిలో అయిదు పాటలు అతనివి. మొదటిది ‘ఆస్ట్రానమీ డొమినే’, ఆఖరిది ‘బైక్’, రెండూ 1967వి. రెండో సీడీ తెరుచుకునేది అతని కోసం రాసిన ‘షైన్ ఆన్ యూ క్రేజీ డైమండ్’తో. ఆ పాట పని నడుస్తుండగానే, 1975 జూన్ 5న, గుండు, గీసేసిన కనుబొమ్మలు, లావెక్కిన ఒళ్లుతో ఎవరో ఆబీ రోడ్ స్టూడియోకి వచ్చి కూర్చుంటే అది సిడ్ అని పోల్చుకోవడానికి వాళ్లకు చాలాసేపు పట్టింది. 2001 నాటికి అతను కేంబ్రిడ్జిలో ఎవరికీ కనబడకుండా బతుకుతున్నాడు. కేంబ్రిడ్జి బాల్యాన్ని తలుచుకునే ‘హై హోప్స్’ తర్వాత, ఆఖరి మాట అతనికే ఇచ్చారు. గడియారాలూ గంటలూ బాతుల అరుపుల్లాంటి మోతా కలిసి ‘బైక్’ ముగుస్తుంది. పెద్దమనుషుల సంకలనం అల్లరితో ఆగడం నాకు నచ్చింది.

ఇక తగాదా. ‘ఎకోస్’ పాట 1971 నాటి ‘మెడిల్’ ఆల్బంలో ఒక పక్క మొత్తం, ఇరవై మూడున్నర నిమిషాలు. రిక్ రైట్ పియానో మీట ఒకటి లెస్లీ స్పీకరు గుండా వచ్చి టింగుమంటుంది, నీటి అడుగున ఉన్నదేదో పలకరించినట్టు. పాట ఎదుగుతుంది, ఊగుతుంది, తర్వాత అంతా కరిగిపోయి గాలి హోరు, వికృతమైన అరుపులు మిగులుతాయి. ఆ అరుపులు గిల్మోర్ గిటార్‌వి. వా-వా పెడల్‌కు తీగలు తారుమారుగా తగిలిస్తే వచ్చాయి. దిక్కు తెలియని ఆ చీకట్లో కావలసినంతసేపు ఉంచి, మనం ఆశ వదులుకున్నాక, మళ్లీ ఆ టింగు వినిపిస్తారు. సంకలనంలో ఈ పాట పదహారున్నర నిమిషాలే. ఏడు నిమిషాలు కోశారు. ‘షైన్ ఆన్’ కూడా ఇరవై ఆరు నిమిషాల నుంచి పదిహేడున్నరకు దిగింది. ఎదురుచూపే ప్రాణమైన పాటలో ఎదురుచూపును తగ్గించారు.

అతుకు ఎక్కడా కనబడదు. నాకు కోపం తెప్పించేదీ అదే. మొరటుగా కోస్తే, ఇక్కడ ఏదో పోయిందని వినేవాడికి తెలుస్తుంది, పోయినదాన్ని వెతుక్కుంటాడు. ఇంత నున్నగా కోస్తే కొత్తవాడు ఇదే పాట అనుకుని జీవితాంతం సుఖంగా ఉంటాడు. సీడీలో పట్టేది ఎనభై నిమిషాల లోపే, ఏం చేస్తారని సమాధానం వస్తుంది. అదే సీడీలో ఆరు నిమిషాల ‘కీప్ టాకింగ్’ ఉంది. అది తీసేస్తే చాలు, ఇంకో నిమిషం ఎక్కడో ఒకచోట సర్దుకునేవాళ్లం. స్టీఫెన్ హాకింగ్ గొంతు ఉన్న పాట కదా అంటారా, ఉండనీయండి. ‘మోర్’, ‘ఉమ్మగుమ్మ’, ‘ఆటమ్ హార్ట్ మదర్’, ‘అబ్‌స్క్యూర్డ్ బై క్లౌడ్స్’ నాలుగు ఆల్బంల నుంచి ఒక్క పాటా తీసుకోనప్పుడు రాని మొహమాటం దాని దగ్గరెందుకు?

తొమ్మిదేళ్లకు ఇదే బ్యాండ్ తమ కంపెనీ ఈఎంఐని లండన్ హైకోర్టుకు ఈడ్చింది. ఆల్బం నుంచి పాటలను విడదీసి అమ్మాలంటే తమ అనుమతి కావాలని ఒప్పందంలో ఉంది, ఇంటర్నెట్‌లో ఒక్కొక్క పాటా ఎలా అమ్ముతారని. ఐట్యూన్స్ దుకాణం తెరవకముందు రాసుకున్న కాగితం అది. ఆ షరతు సీడీలకూ ఎల్పీలకూ మాత్రమేనని కంపెనీ వాదించింది. 2010 మార్చి 11న సర్ ఆండ్రూ మారిట్ బ్యాండ్ పక్షాన తీర్పిచ్చాడు. పత్రికలన్నీ కళకు గెలుపని రాశాయి. 2011 జనవరిలో రెండు పక్షాలూ రాజీ పడి కొత్త ఒప్పందం రాసుకున్నాయి, పాటలు విడివిడిగా అమ్ముకోవచ్చని. ఆ ఏడే నవంబరులో పదహారు పాటలతో ఇంకో సంకలనం, ‘ఎ ఫుట్ ఇన్ ది డోర్’ కూడా వచ్చింది. తమ పాటను ఏడు నిమిషాలు కోసుకున్నవాళ్లు, విడదీయడమే నేరమని న్యాయస్థానంలో నిలబడ్డారని నవ్వుకోవచ్చు. నేను నవ్వను. వాళ్ల వాదంలో కోయకూడదన్న మాట ఎక్కడా లేదు. మమ్మల్ని అడిగి కోయాలి అన్నారు. ఇల్లు కట్టినవాడు గోడ పగలగొట్టుకుంటే మరమ్మతు, అద్దెకున్నవాడు పగలగొడితే తగాదా.

ఆ ఇంటికి తాపీ పట్టినవాళ్లందరికీ ఆ హక్కు దక్కలేదన్నదీ ఇక్కడే చెప్పాలి. ‘ది గ్రేట్ గిగ్ ఇన్ ది స్కై’లో మాటల్లేకుండా గొంతు చించుకుని పాడిన క్లేర్ టోరీకి 1973లో ముట్టింది 30 పౌండ్లు. 2001 సంకలనంలోనూ ఆ పాట కర్త రిక్ రైట్ ఒక్కడే. ఆమె 2004లో కోర్టుకెళ్లాక, 2005లో బయట పరిష్కారమయ్యాకే కర్తల్లో ఆమె పేరు చేరింది. ‘అనదర్ బ్రిక్’లో కోరస్ పాడిన ఇస్లింగ్టన్ గ్రీన్ స్కూలు పిల్లల తరఫున స్కూలుకు 1000 పౌండ్లు ఇచ్చారు. చదువు మీద తిరగబడే పాటకు బడికి కట్టిన ఫీజు అనుకోవాలి కాబోలు.

ఇప్పుడు ఇల్లే చేతులు మారింది. 2024 అక్టోబరులో పింక్ ఫ్లాయిడ్ రికార్డింగులు, పేరు, బొమ్మలతో సహా సోనీ కొనేసింది. ధర సుమారు 400 మిలియన్ డాలర్లని పత్రికలు రాశాయి. పాటల రచన హక్కులు రాసినవాళ్ల దగ్గరే ఉన్నా, కోసి అతికించేది రికార్డింగులనే. కత్తెర ఇక వాళ్లది.

సోనీ 2025 మేలో పాంపే కచేరీ సినిమా పాటలను స్టీవెన్ విల్సన్ కొత్తగా మిక్స్ చేయగా ఆల్బంగా తెచ్చింది, బ్రిటన్‌లో అది నేరుగా మొదటి స్థానానికి వెళ్లింది. 1971 అక్టోబరులో, పాంపే శిథిలాల్లోని రోమన్ రంగస్థలంలో, ప్రేక్షకుడన్నవాడు లేకుండా ఏడ్రియన్ మేబెన్ తీసిన సినిమా అది. అందులో ‘ఎకోస్’ రెండు ముక్కలుగా ఉంటుంది, సగం సినిమా మొదట్లో, సగం చివర్లో. అంటే ఈ పాట మీద కత్తెర పడటం పాట పుట్టిన కొత్తలోనే మొదలైంది. కాకపోతే మేబెన్ రెండు ముక్కలూ కలిపితే దాదాపు ఆల్బంలో ఉన్నంత నిడివీ వస్తుంది. విడదీశాడు గానీ పారేయలేదు. సోనీ రేపో మాపో ఇంకో సంకలనం తెస్తుంది, అంత డబ్బు రాబట్టుకోవాలి కదా. అది వచ్చిన రోజు పాటల జాబితా తర్వాత చూస్తాను. ముందు ‘ఎకోస్’ పక్కన ఎన్ని నిమిషాలని రాశారో చూడాలి.