ఓవర్‌డ్రైవ్ పడలేదని గేర్‌బాక్సు దించొద్దు

పాత కార్లు దాచుకున్న మన చుట్టాల ఇళ్లనుంచి సోగత్తూరుకు వచ్చే ప్రశ్న ఒకటుంది: "ఓవర్‌డ్రైవ్ పడటం లేదు, తీసేయించేద్దామా?" తీయించొద్దు అన్నదే మా మాట. అది ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టినట్టే.

1950ల్లో మద్రాసులో కూర్చిన స్టాండర్డ్ వాన్‌గార్డ్ సంగతే తీసుకుందాం. ఆ మోడలుకు ఇంగ్లండులో లేకాక్ ఓవర్‌డ్రైవ్ అదనంగా బిగించి ఇచ్చేవాళ్లు. స్విచ్ వేస్తే సోలెనాయిడ్ లీవరును లాగుతుంది, వాల్వు తెరుచుకుంటుంది, ఆయిలు ఒత్తిడికి కోన్ క్లచ్ జరుగుతుంది. అదే వేగంలో ఇంజను తిరుగుడు సుమారు ఐదో వంతు తగ్గుతుంది. ఇందులో కరెంటు పని, ఆయిలు పని రెండూ ఉన్నాయి కాబట్టి వెతకడం కూడా ఆ వరుసలోనే సాగాలి.

మొదట ఆయిలు మట్టం చూడండి. గేర్‌బాక్సుకూ దీనికీ ఆయిలు ఒకటే. తగ్గితే ఒత్తిడి రాదు. తర్వాత ఇంజను ఆపి, ఇగ్నిషన్ వేసి, పై గేరులో పెట్టి స్విచ్ నొక్కండి. కింద "టక్" మని వినబడాలి. వినబడకపోతే ఫ్యూజు, రిలే, ఎర్తు వైరు, గేర్‌బాక్సు మీది స్విచ్ చూడండి. వినబడినా పడలేదంటే లీవరు సెట్టింగు చూడండి. సోలెనాయిడ్ లాగి పట్టుకున్నప్పుడు లీవరు రంధ్రమూ కేసింగు రంధ్రమూ సూటిగా కలవాలి. ఇది సరిచేయకుండా కొత్త సోలెనాయిడ్ వేస్తే, ఎక్కువ కరెంటు లాగే చుట్ట ఆగకుండా పనిచేసి అదీ కాలిపోతుంది. ఆ తర్వాతే వాల్వులో మురికి, ఒత్తిడి కొలత. గేర్‌బాక్సు దించడం అన్నిటికంటే చివరి మాట.

రెండు జాగ్రత్తలు మాత్రం ఇంట్లో అందరికీ తెలియాలి. ఓవర్‌డ్రైవ్ పడి విడవకపోతే బండిని రివర్సులో కదపకూడదు, వెనక్కి తోయకూడదు. లోపలి భాగాలు విరుగుతాయి. తొప్పూరు ఘాట్ దిగేటప్పుడు ఓవర్‌డ్రైవ్ ఆఫ్‌లోనే ఉండాలి. లేకపోతే ఇంజను పట్టు తగ్గి భారమంతా బ్రేకుల మీద పడుతుంది. పాత బ్రేకులకు ఆ దిగుడు చాలా ఎక్కువ.

షెడ్డులో తమిళంలోనే చెప్పుకుంటాం, తప్పు లేదు. కానీ ఈ వరుసను తెలుగులో ఒక కాగితం మీద రాసి బండిలోనే ఉంచండి. తాతల కారు నడపబోయే పిల్లలకు తాళంచెవితో పాటు అదీ ఇవ్వాలి.