కప్పు కింది ఏరు

జోర్డాన్ రాజధాని అమ్మాన్ నడిబొడ్డున ఒక వీధి ఉన్నది. జనం దానిని 'సక్ఫ్ అల్ సైల్' అంటారు. ఏటి కప్పు అని అర్థం. ఒకప్పుడు ఆ లోయలో ఏరు పారేది. నగరం పెరిగిన కొద్దీ ఏటిని కప్పివేసి బాట వేశారు. నీరు కనుమరుగైనా ఏరు పేరులో నిలిచింది.

ఆ ఏటి ఒడ్డున పెరిగినవాడు అరబ్బీ నవలాకారుడు అబ్దుల్ రహమాన్ మునీఫ్. 1933లో అమ్మాన్‌లో జన్మించాడు. తండ్రిది సౌదీ అరేబియా, తల్లిది ఇరాక్. బెల్‌గ్రేడ్‌లో చమురు ఆర్థికశాస్త్రం చదివి డాక్టరేటు పొందాడు. ఆయన రాజకీయాభిప్రాయాలు గిట్టని సౌదీ ప్రభుత్వం 1963లో పౌరసత్వాన్ని రద్దు చేసింది. ఆపైన బాగ్దాద్, ఫ్రాన్స్, డమాస్కస్‌లలో ప్రవాస జీవితమే గడిచింది.

1984లో ఆరంభమైన 'ఉప్పు నగరాలు' ఐదు సంపుటాల నవల. చమురు కోసం వచ్చిన యంత్రాలు పచ్చని ఒయాసిస్సును పెళ్లగించడం, అక్కడివారు చెల్లాచెదరు కావడం అందులోని తొలి ఘట్టం. ఊరు పోతే దానిని గుర్తుంచుకొనే సమాజమూ పోతుందన్న భయం ఆ రచన అంతటా వినిపిస్తుంది.

పదేళ్ల తరువాత, 1994లో, మునీఫ్ తన బాల్యపు ఊరిని గురించి 'ఒక నగర చరిత్ర' ప్రకటించాడు. 1940ల నాటి అమ్మాన్ అందులో కథానాయకుడు. ఇరాకీ అమ్మమ్మ, వీధిబడి, అంగళ్లు, ప్రపంచయుద్ధపు వార్తలు, 1948లో ఇళ్లు విడిచి వచ్చిన పాలస్తీనా శరణార్థులు అందులో కనిపిస్తారు.

ఈ రచనకు ప్రత్యేకమైన అవసరం ఉన్నది. అమ్మాన్ శిథిలాలలో 1878 ప్రాంతంలో కాకసస్ నుండి వచ్చిన సర్కాసియన్లు స్థిరపడ్డారు. 1921లో ఎమీర్ అబ్దుల్లా పాలనాకేంద్రమయ్యేనాటికి అది చిన్న పట్టణమే. తరువాత సిరియా, పాలస్తీనాల నుండి కుటుంబాలు వచ్చాయి. ప్రతి ఇంటిలోనూ మరో ఊరి జ్ఞాపకమే. తాతలనాటి కథ ఒక్కటి కాని జనానికి ఉమ్మడి జ్ఞాపకం ఎలా ఏర్పడుతుంది? ఒకే బావి నీళ్లు తోడుకొని, ఒకే వార్తకు కలతచెంది, ఒకే వీధిలో పిల్లలను పెంచుకొన్న రోజులనుండి ఏర్పడుతుంది. రాజ్యాల చరిత్ర రాసేవారు ఆ రోజులను లెక్కలోనికి తీసుకోరు, నవలాకారుడు తీసుకొంటాడు.

మునీఫ్ 2004లో డమాస్కస్‌లో కన్నుమూశాడు. నేడు అమ్మాన్ జనాభా 40 లక్షలు దాటింది. వారిలో ఆనాటి ఊరును కన్నులారా చూసినవారు బహు కొద్దిమంది. తక్కినవారికి ఆ ఊరును చూపినవాడు, ఏ దేశమూ తనదని చెప్పుకొనే కాగితం కోల్పోయిన మనిషి.