పాన్ ఉంటే పనదెరియా!

ఐటీ ఆఫీసుల పుణ్యమా అని ‘కెఫెటేరియా’ మనకు తెలుగు మాటంత అలవాటైపోయింది. నిజానికి అది ఇంగ్లిషులోకి వచ్చింది స్పానిష్ నుంచి. కఫే అంటే కాఫీ. దానికి ‘ఎరియా’ తగిలిస్తే కాఫీ దొరికే చోటు. ఈ తోక ఒక్కటి పట్టుకుంటే చాలు... స్పెయిన్ బజారు సగం అర్థమైనట్లే!

‘పాన్’ అంటే రొట్టె. రొట్టెల కొట్టు పనదెరియా. మన పావ్‌భాజీలోని పావ్ పోర్చుగీసు మాట, ఈ పాన్‌కి స్వయానా చుట్టం. మాంసం (కార్నె) అమ్మేది కార్నిసెరియా, పండ్లకు ఫ్రుతెరియా, కూరగాయలకు వెర్దులెరియా. చేపల కొట్టు పెస్కదెరియా. ఇక్కడో తమాషా ఉంది. నీళ్లలో ఈదుతున్నంతసేపూ చేప పేరు ‘పెస్’. పట్టుబడి వంటింటి దారి పట్టిందా... ‘పెస్కాదో’! కొట్టుకు పేరిచ్చింది ఈ రెండోదే.

కిరాణా కొట్టు పేరు మాత్రం వేరు... ‘ఉల్త్రామరినోస్’. అంటే సముద్రాల అవతలివి అని. పంచదార, కాఫీ, కోకో ఓడల్లో వలస రాజ్యాల నుంచి దిగుతున్న రోజుల్లో పుట్టిన పేరిది. 1898లో క్యూబా, ఫిలిప్పీన్స్ చేజారాయి. పేరు మాత్రం పాత కొట్ల బోర్డుల మీద మిగిలింది. అదే కొట్టు మెక్సికోలో ‘అబర్రోతెస్’, డొమినికన్ రిపబ్లిక్‌లో ‘కోల్మాదో’. అర్జెంటీనాలో ‘అల్మసేన్’ అంటే వీధి చివరి దుకాణం. స్పెయిన్‌లో అదే మాటకు గోదాము అని అర్థం. దాని మూలం అరబ్బీ. మన ‘ఖజానా’ ఆ ఇంటి ఆడపడుచే. మీ చేతిలోని ‘మ్యాగజైన్’ కూడా!

పేర్లు తెలిస్తే చాలదు, పద్ధతీ తెలియాలి. స్పెయిన్‌లో కొట్టుకెళ్లినవాళ్లు వరుసలో నిలబడకపోవచ్చు. లోపలికొస్తూనే ‘కియెన్ ఎస్ ఎల్ ఉల్తిమో?’ అంటారు. ‘ఆఖరెవరండీ?’ అని. ఒకరు చెయ్యెత్తుతారు. వారి తర్వాత మీ వంతు. ఈలోగా నాలుగు కబుర్లు!

‘సూపర్‌మెర్కాదో’లో ఆ అవసరం లేదు. బుట్ట నింపుకుని నోరు విప్పకుండానే బయటపడొచ్చు. పాలకొట్టు ‘లెచెరియా’ స్పెయిన్ నగరాల్లో దాదాపు కనుమరుగైంది. మాడ్రిడ్‌లో 1916లో మొదలైన సాన్ మిగెల్ మార్కెట్ 2009 నుంచి చిరుతిళ్లు రుచి చూసే విహారస్థలంగా మారింది. పేరు మార్కెట్టే... వారానికి సరిపడా కూరలకు సంచి పట్టుకెళ్లే చోటు కాదు.

మనకీ పచారీ కొట్టు, చిల్లర కొట్టు, అంగడి, సంత... ఎన్ని మాటలుండేవి! ఇప్పుడన్నీ ‘మార్ట్’ బోర్డు కిందికే చేరుతున్నాయి. కొట్టు మూతపడితే పోయేది బేరమొక్కటే కాదు. ఆ మాట, దాంతోపాటు ‘ఏమ్మా, పిల్లలు బావున్నారా?’ అనే పలకరింపు కూడా. ఈవారం సరుకుల చీటీతో మీ పిల్లల్ని వీధి చివరి కొట్టుకు పంపండి. పప్పు, ఉప్పుతోపాటు నాలుగు మాటలూ తెచ్చుకుంటారు.