ఒప్పుకుంటే ఎంత తగ్గుతుంది?

2019 అక్టోబరు 23 తెల్లవారుజామున ఇంగ్లండ్‌లోని ఎసెక్స్‌లో ఒక లారీ కంటెయినర్‌లో 39 మంది వియత్నాం వలసదారుల మృతదేహాలు బయటపడ్డాయి. ఆ కంటెయినర్‌ను బెల్జియంలోని రేవుదాకా చేర్చిన డ్రైవరు ఒకడు, ఇంగ్లండ్‌ తీరంలో అందుకున్నవాడు ఇంకొకడు. రెండోవాడు నరహత్య (హత్య కిందికి రాని, మాన్‌స్లాటర్‌) నేరం ఒప్పుకున్నాడు. లోపల మనుషులున్న సంగతే తనకు తెలియదంటూ మొదటివాడు విచారణకు నిలబడ్డాడు. 2021 జనవరిలో ఓల్డ్‌ బెయిలీ కోర్టు ఒప్పుకున్నవాడికి 13 ఏళ్ల 4 నెలలు, వాదించి ఓడినవాడికి 18 ఏళ్లు జైలు విధించింది.

తేడా అంతా ఒప్పుకోలు చలవే అనలేం. ఇద్దరి పాత్రలూ వేరు. కానీ ఆ నాలుగు నెలల చిల్లర చూడండి. 13 ఏళ్ల 4 నెలలంటే 20 ఏళ్లలో సరిగ్గా మూడింట రెండు వంతులు.

ఇంగ్లండ్‌, వేల్స్‌లలో నరహత్యకు గరిష్ఠ శిక్ష యావజ్జీవం. ఆ లోపల ఎంతన్నది తేల్చడానికి 2018 నవంబరు నుంచి మార్గదర్శకాలున్నాయి. పోయింది ప్రాణమే కాబట్టి నష్టం ఏ కేసులోనైనా అత్యంత తీవ్రమైనదే. అందుకే జడ్జి ముందుగా తూచేది నిందితుడి తప్పు బరువు. చట్టవిరుద్ధమైన పని వల్ల ప్రాణం పోతే ఆ బరువును బట్టి 18, 12, 6, 2 ఏళ్లు అని నాలుగు ఆరంభ మెట్లు. పాత నేరాలు, తాగిన మత్తు వంటివి శిక్షను పెంచుతాయి. చిన్న వయసు, పశ్చాత్తాపం తగ్గిస్తాయి. ఒప్పుకోలు లెక్క ఆ తర్వాతే. మొదటి దశలోనే ఒప్పుకుంటే మూడో వంతు, ఆపైన ఆలస్యం చేస్తే నాలుగో వంతు, విచారణ మొదలయ్యే రోజున పదో వంతు తగ్గుతుంది.

చాలామంది పొరబడేది ఇక్కడే. ఈ తగ్గింపు పశ్చాత్తాపానికి బహుమతి కాదు, దాని లెక్క వేరే. సాక్ష్యాలు ఎంత బలంగా ఉన్నా, తప్పించుకునే దారే లేకపోయినా తగ్గింపు ఇవ్వాల్సిందే. సాక్షులను బోనెక్కించకుండా, కోర్టు సమయం తినకుండా చేసినందుకు చెల్లించే ధర అది. తర్కం సరైనదే, కానీ ఆప్తులను పోగొట్టుకున్న ఇంటికి మింగుడుపడదు.

2019 ఆగస్టులో ఆండ్రూ హార్పర్‌ అనే పోలీసు అధికారిని కారుతో ఈడ్చుకెళ్లి చంపిన కేసులో డ్రైవరు నరహత్య ఒప్పుకున్నాడు. జ్యూరీ హత్యానేరాన్ని కొట్టేసింది. అతడికి 16 ఏళ్లు, తోడున్న ఇద్దరికి 13 ఏళ్ల చొప్పున పడ్డాయి. పెంచడానికి అప్పీలు కోర్టు ఒప్పుకోలేదు. హార్పర్‌ భార్య పట్టువదలని పోరాటంతో 2022లో చట్టమే మారింది: విధుల్లో ఉన్న అత్యవసర సిబ్బందిపై ఇలాంటి నరహత్యకు, అసాధారణ పరిస్థితులుంటే తప్ప, యావజ్జీవమే.

2023 నాటి నాటింగ్‌హామ్‌ కేసు మరో దారి పట్టింది. ముగ్గుర్ని పొడిచి చంపిన నిందితుడు మానసిక వ్యాధి కారణంగా నరహత్యగా ఒప్పుకోగా, కోర్టు జైలుకు బదులు నిరవధికంగా భద్రతా ఆసుపత్రికి పంపింది. అక్కడ తగ్గించడానికి ఏళ్లే లేవు.

మన దగ్గర ఇలాంటి పట్టిక లేదు. భారతీయ న్యాయ సంహిత 105వ సెక్షన్‌ ప్రకారం ఇలాంటి నరహత్యకు, చంపే ఉద్దేశం ఉంటే యావజ్జీవం లేదా 5 నుంచి 10 ఏళ్లు, ప్రాణం పోవచ్చన్న తెలివిడి మాత్రమే ఉంటే 10 ఏళ్ల దాకా. ప్లీ బార్గెయినింగ్‌ (నేరం ఒప్పుకుని శిక్ష తగ్గించుకునే ఒప్పందం) ఏడేళ్ల శిక్షకు మించని నేరాలకే పరిమితం కనుక ఈ కేసులకు ఆ తలుపు మూసే ఉంటుంది. సెషన్స్‌ కోర్టులో నేరం ఒప్పుకున్నా ఎన్నేళ్లు తగ్గుతాయో, అసలు తగ్గుతాయో లేదో నిందితుడికి ముందుగా చెప్పగల వకీలు లేడు.