గుర్తు చూసి గుద్దేశాం.. లెక్క ఎప్పుడు చూస్తాం?

వేములవాడలో మా ఖాలాను "ఎవరికి వేశారు?" అని అడిగితే మనిషి పేరు చెప్పరు. "కారుకి", లేదంటే "చెయ్యికి" అంటారు. నవ్వుకోవద్దు, డిగ్రీ చదివిన మనదీ అదే తీరు. పూర్తి సమాచారం చేతిలో లేనప్పుడు మెదడు అడ్డదారి పడుతుందని ట్వర్‌స్కీ, కానెమన్ అనే ఇద్దరు సైకాలజిస్టులు 1974లోనే రాశారు. "ఈయన మన పని చేస్తాడా?" అన్నది కష్టమైన ప్రశ్న. "ఈయన తెలిసిన ఇంటాయనేనా?" అన్నది తేలిక. మనం తేలికైనదానికి జవాబు చెప్పుకుని, కష్టమైనది కూడా తేలిందనుకుంటాం.

2019 నిజామాబాద్ లోక్‌సభ ఎన్నిక గుర్తుందా? జగిత్యాల, కోరుట్ల అందులోనివే. పసుపు, ఎర్రజొన్న రైతులు కోపంతో నామినేషన్లు వేస్తే మొత్తం 185 మంది బరిలో నిలిచారు. బూత్‌కు 12 బ్యాలెట్ యూనిట్లు పెట్టాల్సి వచ్చింది. అన్ని పేర్లు చదివి, పోల్చి ఓటేసిన వాళ్లు ఎవరుంటారు? తెలిసిన గుర్తు వెతుక్కుని నొక్కి బయటపడ్డారు. అక్కడ గుర్తే లేకపోతే ఓటే పడదు. కాబట్టి అడ్డదారి అంటే ప్రతిసారీ తెలివితక్కువతనం కాదు.

ఇంటిపేరు ఇంకో అడ్డదారి. వేములవాడలో చెన్నమనేని రమేష్ 2009 నుంచి 2018 దాకా ఉప ఎన్నికతో కలిపి నాలుగుసార్లు గెలిచారు. పౌరసత్వం మీద కేసు నడుస్తూనే ఉంది. చివరికి ఆయన జర్మనీ పౌరుడేనని 2024 డిసెంబర్‌లో హైకోర్టు చెప్పింది.

మన ఇళ్లలో నడిచే అడ్డదారి మాత్రం వేరు. పోలింగ్ ముందు రాత్రి వాట్సాప్‌లో ఒక మెసేజ్ వస్తుంది, "అందరం ఒకే గుర్తుకు" అని. దీన్ని తప్పని నేను అనను, భయంలోంచి పుట్టింది. బీజేపీని ఎవరు ఆపగలరన్నదే మనవాళ్ల ప్రశ్న. కానీ ఆ ప్రశ్నకు ఊరూరికీ జవాబు వేరు. 2023లో కోరుట్లలో బీఆర్ఎస్ సుమారు పది వేల మెజారిటీతో గెలిస్తే రెండో స్థానం బీజేపీది, కాంగ్రెస్ మూడోది. అదే రోజు వేములవాడలో కాంగ్రెస్ గెలిచింది, రెండోది బీఆర్ఎస్, బీజేపీ మూడో స్థానంలో ఉంది. జగిత్యాలలోనూ బీజేపీది మూడో స్థానమే. మూడు ఊళ్లకూ ఒకే మెసేజ్ ఫార్వర్డ్ చేస్తే ఎక్కడో ఒకచోట లెక్క తప్పుతుంది కదా!

గుర్తు కూడా నిలకడగా ఉండదు. జగిత్యాలలో కారు మీద గెలిచిన సంజయ్ కుమార్ 2024 జూన్‌లో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి పక్కన కాంగ్రెస్ కండువాతో కనిపించారు.

నేను కామర్స్ చదివినవాణ్ని, లెడ్జర్‌లో ఒకవైపే రాస్తే ఊరుకోలేను. మన ఓటు ఎటూ ఖాయమని తెలిసిన అభ్యర్థి, మన గల్లీకొచ్చి బీడీ కార్మికుల 4 వేల పింఛన్ గురించి, గల్ఫ్‌లో ఇరుక్కున్న పిల్లల గురించి మాట్లాడాల్సిన అవసరం ఏముంది? ఈసారి ఆ మెసేజ్ వస్తే పంపినవాళ్లకు ఫోన్ చేసి, "మన నియోజకవర్గంలో పోయినసారి రెండో స్థానం ఎవరిది భాయ్?" అని అడగండి. చెప్పలేకపోతే ఫార్వర్డ్ చేయొద్దు.