ఎద్దు ఎండకు... దున్న నీడకు!

కొత్త టైర్లు వేయించి ఏడాది కూడా కాలేదు. బయటి నుంచి చూస్తే గీతలు నిండుగా కనిపిస్తున్నాయి. పండక్కి ఊరెళ్దామని సామాను సర్దేశారు. దారిలో గాలి కొట్టే కుర్రాడు ముందు చక్రం లోపలి వైపు చెయ్యి పెట్టి 'తీగలు తేలాయి సార్' అన్నాడు. వంగి చూస్తే నిజమే. బయటి సగం కొత్తదానిలా ఉంది. కారు కింద, ఎవరికీ కనపడని లోపలి అంచు మాత్రం అరిగి గుండు కొట్టింది. పిల్లల్ని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని హైవే మీద వంద కిలోమీటర్ల వేగంతో వెళ్తున్నప్పుడు ఆ టైరు పేలితే? ఆ ఊహే ఒళ్లు జలదరింపజేస్తుంది.

తప్పు టైరుది కాదు. చక్రాల పొందికది. దాన్నే వీల్ అలైన్‌మెంట్ అంటున్నాం. ఎద్దు ఎండకు లాగితే దున్న నీడకు లాగిందని సామెత. ముందు చక్రాలు రెండూ ఒకే దారిన నడవకుండా చెరోవైపు లాగితే కారు పరిస్థితీ అంతే. బండి ముందుకే వెళ్తుంది కానీ రబ్బరు రోడ్డుకు రాసుకుపోతుంది.

రెండు మిల్లీమీటర్లేగా అనుకుంటే...

పైనుంచి చూసినప్పుడు చక్రాల ముందు అంచులు లోపలికి తిరిగి ఉంటే 'టో ఇన్', బయటికి తిరిగి ఉంటే 'టో అవుట్'. మొదటిది మితిమీరితే టైరు బయటి అంచు, రెండోది మితిమీరితే లోపలి అంచు త్వరగా అరుగుతాయి. 14 అంగుళాల రిమ్ము ఈ అంచు నుంచి ఆ అంచుకు సుమారు 39 సెంటీమీటర్లు ఉంటుంది. దాని మీద రెండంటే రెండు మిల్లీమీటర్ల తేడా ఉందనుకోండి. లెక్క వేస్తే ఆ చక్రం కిలోమీటరుకు సుమారు అయిదు మీటర్లు పక్కకు ఈడ్చుకుపోయినట్టు. హైదరాబాద్ నుంచి విజయవాడ దాదాపు 270 కిలోమీటర్లు. ఒక్కసారి వెళ్లొచ్చేసరికి టైరు రెండున్నర కిలోమీటర్లకు పైగా అడ్డంగా రాసుకున్నట్టే!

అందుకే నెలకోసారి అరచేతిని టైరు మీద అడ్డంగా రాసి చూడాలి. ఒకవైపు నునుపుగా, వెనక్కి రాస్తే రంపంలా గరుగ్గా తగిలితే అలైన్‌మెంట్ తప్పిందని అనుమానించాలి. టైరు మధ్యలోనే అరిగితే గాలి ఎక్కువైనట్టు. రెండు అంచులూ అరిగితే గాలి తక్కువైనట్టు. గీతల లోతు 1.6 మిల్లీమీటర్లకు చేరితే ఇక ఆలోచించకుండా టైరు మార్చాల్సిందే.

దారం, స్కేలు చాలు

తేడా ఉందో లేదో ఇంట్లోనే చూసుకోవచ్చు. కావాల్సినవి సమతలంగా ఉన్న నేల, నైలాన్ దారం, స్టీలు స్కేలు, నాలుగు స్టూళ్లు, సాయానికి ఇంకో మనిషి.

ముందుగా నాలుగు టైర్లలో కంపెనీ చెప్పినంత గాలి నింపాలి. ఆ లెక్క చాలా కార్లలో డ్రైవరు తలుపు చట్రం మీద అతికించి ఉంటుంది. కారును నాలుగడుగులు ముందుకు తోసి, స్టీరింగు నిటారుగా ఉన్నప్పుడు ఆపాలి. స్టీరింగు కదలకుండా సీటుకు తాడుతో కట్టేస్తే మంచిది.

ఇప్పుడు కారుకు రెండు పక్కలా, చక్రం మధ్య భాగం ఎత్తులో, ముందు నుంచి వెనక దాకా దారం బిగించి కట్టాలి. ముందు చక్రాల మధ్య నుంచి దారానికి ఉన్న దూరం కుడి ఎడమల సమానంగా ఉండాలి. వెనక చక్రాలకూ అంతే. ముందూ వెనకా ఒకే కొలత రాకపోయినా కంగారు పడక్కర్లేదు. చాలా కార్లలో ముందు చక్రాల మధ్య దూరం, వెనక చక్రాల మధ్య దూరం వేర్వేరుగా ఉంటాయి. రెండు దారాల మధ్య దూరం మాత్రం కారు ముందు, వెనక ఒక్కటే కావాలి.

ఆ తర్వాత దారం నుంచి రిమ్ము ముందు అంచుకు, వెనక అంచుకు ఉన్న దూరం కొలవాలి. ముందు దూరం ఎక్కువుంటే టో ఇన్. తక్కువుంటే టో అవుట్. రెండు చక్రాల తేడాలనూ కలిపి కారుతో పాటు ఇచ్చిన పుస్తకంలోనో, సర్వీసు వివరాల్లోనో ఉన్న అంకెతో పోల్చాలి. అక్కడ డిగ్రీల్లో ఉంటే, 14 అంగుళాల రిమ్ము మీద ఒక మిల్లీమీటరు తేడాను సుమారు 9 నిమిషాల కోణంగా లెక్కేసుకోవచ్చు. 60 నిమిషాలు ఒక డిగ్రీ.

మరి సరిచేయడం?

స్టీరింగు నుంచి చక్రానికి వెళ్లే కడ్డీని టై రాడ్ అంటారు. దాని చివర లాక్ నట్ వదులు చేసి కడ్డీని తిప్పితే పొడవు మారుతుంది, చక్రం కోణమూ మారుతుంది. టై రాడ్ ఇరుసుకు వెనక ఉన్న కార్లలో పొడవు పెంచితే టో ఇన్ వైపు, ముందున్న వాటిలో టో అవుట్ వైపు చక్రం తిరుగుతుంది. మొదలుపెట్టిన చోట సుద్దతో గుర్తు పెట్టుకోవాలి. పావు చుట్టుకు మించి ఒకేసారి తిప్పకూడదు. రెండు పక్కలా సమానంగా తిప్పకపోతే కారు నేరుగా వెళ్తున్నా స్టీరింగు వంకరగా నిలుస్తుంది. కడ్డీ మీది రబ్బరు తొడుగు మెలిపడకుండా దాని క్లిప్పు ముందే వదులు చేయాలి. తిప్పాక కారును ముందుకూ వెనక్కీ కదిలించి మళ్లీ కొలవాలి. చివర్లో లాక్ నట్‌ను గట్టిగా బిగించడం మర్చిపోతే... స్టీరింగే ప్రమాదంలో పడుతుంది.

ఇంకో మాట. కేవలం జాకీ మీద నిలిపిన కారు కిందికి ఎట్టి పరిస్థితుల్లోనూ దూరకూడదు. చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, బరువు మోసే స్టాండ్లు వేశాకే కిందికి వెళ్లాలి.

ఇవి ఇంటి పని కాదు

పైకి లేపిన చక్రాన్ని కుడి ఎడమ అంచుల దగ్గర పట్టుకుని కదిపితే లొడలొడలాడుతోందా? టై రాడ్ చివర్లు అరిగి ఉండొచ్చు. పైనా కిందా పట్టుకుంటే కదులుతోందా? బేరింగో, బాల్ జాయింటో అనుమానించాలి. ఇవి మార్చకుండా అలైన్‌మెంట్ ఎన్నిసార్లు చేయించినా డబ్బు దండగే. గుంతలో గట్టిగా పడిన కారులో ఏదైనా వంగిందేమో మెకానిక్కే చూడాలి. చక్రం పక్కకు వాలే 'క్యాంబర్' చాలా చిన్న కార్లలో ఇంట్లో సరిచేసేది కాదు. స్టీరింగు కోణాన్ని సెన్సర్లతో, దారిని కెమెరాతో గమనించే కొత్త కార్లకు సరిచేశాక కంప్యూటర్ అమరిక కూడా అవసరం కావచ్చు. వాటిని కేంద్రానికి తీసుకెళ్లడమే మేలు.

అన్ని తేడాలూ అలైన్‌మెంట్‌వే కావు. వేగం పెరిగినప్పుడు స్టీరింగు వణికితే ముందు బ్యాలెన్సింగ్ చూడాలి. బ్రేకు వేసినప్పుడే పక్కకు లాగితే బ్రేకులు చూడాలి. మన రోడ్లు అంచు వైపు కాస్త వాలుగా ఉంటాయి కాబట్టి ఎడమకు కొంచెం జారడం సహజమే.

స్పానరు పట్టడం రాకపోయినా ఫర్వాలేదు. దారం కట్టి కొలవడం వస్తే చాలు. 'మీ కారు అలైన్‌మెంట్ పోయింది' అని ఎవరైనా అంటే 'ఎంత పోయింది?' అని అడగొచ్చు. వచ్చిన కాగితంలో ముందూ తర్వాతా ఉన్న అంకెలు సరిపోల్చుకోవచ్చు. ఈసారి ఊరెళ్లే ముందు పెట్టె సర్దడానికంటే ముందే, ఒక్కసారి వంగి టైరు లోపలి అంచు తడిమి చూడండి. అయిదు నిమిషాల పనే!