పేరులో పొల్లు తీసేసే హక్కు ఫారానికి ఎవరిచ్చారు?

కొంచెం పొడుగు పోస్టే, ఓపికగా చదవండి.

కొత్త సభ్యత్వ ఫారంలో మా ఇంటి లక్ష్మి "లకషమ" అయింది. పక్కింటి రంగమ్మ "రగమమ" అయింది. మేము నలుగురం కూర్చుని జాబితా చూస్తే, గుణింతమో ఒత్తో ఉన్న తెలుగు పేరు ఒక్కటీ సరిగ్గా లేదు. పెద్దవాళ్లు "మాకే ఫోన్లో కొట్టడం రాలేదేమో" అనుకుని ఊరకున్నారు. తప్పు వాళ్లది కాదు. రేపు సంఘం ఎన్నికల్లో ఓటు, పిల్లల స్కాలర్‌షిప్పు, అన్నీ ఈ జాబితా చూసే ఇస్తారు.

అడిగితే వచ్చిన జవాబు: "రియాక్ట్ లైబ్రరీ అంతేనన్నా, ఇంగ్లీషులో కొట్టమనండి." ఈ మాట మేము ఒప్పుకోము.

బ్రౌజర్‌లో మనం చేసే ప్రతి పనికీ ఒక ఈవెంట్ పుడుతుంది, దానికో పేరుంటుంది. మీట నొక్కితే కీడౌన్. పెట్టెలో రాత మారిన ప్రతిసారీ ఇన్‌పుట్. రాయడం ముగించి పెట్టె బయటికి వస్తే ఛేంజ్. రియాక్ట్‌లో మాత్రం ఆన్‌ఛేంజ్ అని పేరు పెట్టి, ఇన్‌పుట్ మాదిరి ప్రతి మార్పుకూ పిలుస్తారు. ఈ పేరు తికమక పెడుతుందని మేమూ అంటాం. పేరంతా రాశాక ఒకసారి సరిచూద్దామని పెట్టిన పని, ఒక్కో మీటకూ నడిచింది. అయితే ఆన్‌ఛేంజ్ ఇలా పనిచేస్తుందని వాళ్ల పత్రాల్లోనే రాసి ఉంది. చదవకపోవడం మన తప్పు.

అసలు తప్పు ఇంకా లోపలుంది. ఆన్‌ఛేంజ్ పిలిచే ఫంక్షన్‌కు మన కుర్రాళ్లు పెట్టిన పేరు "క్లీన్‌నేమ్". అంటే శుభ్రం చేయడం! మా అమ్మల పేర్లలో ఏం మురికి కనబడిందో మాకు తెలియదు. పేరు అంత మంచిగా ఉంది కాబట్టే ఎవరూ తెరిచి చూడలేదు. తెరిస్తే, యూనికోడ్‌లో "అక్షరం" వర్గంలో ఉన్నవి ఉంచి మిగతావి తీసేయమని ఉంది. తెలుగు గుణింతాలు, పొల్లు, సున్నా "గుర్తు" అనే వేరే వర్గంలో ఉంటాయి. లక్ష్మి అన్న పేరు మన కంటికి రెండక్షరాలు, కంప్యూటర్‌కు ఏడు సంకేతాలు. ఆ ఏడింటిలో మూడు గుర్తులు. మూడూ పోయాయి. గుర్తుల వర్గాన్ని కూడా ఉంచమని ఒక్క చిన్న మార్పు చేస్తే సరిపోయేది. దీనికి లైబ్రరీ ఏం చేస్తుంది?

1953 అక్టోబర్ 1న ఆదోని ఆంధ్రకు, మన సిరుగుప్ప మైసూరుకు పోయాయి. అప్పటి నుంచీ బోర్డు కన్నడంలో, పెళ్లిపత్రిక తెలుగులో చదువుకుంటూ బతుకుతున్నాం. కన్నడంలో రాసినా ఈ ఫారంలో లక్ష్మికి ఇదే గతి, మేము కొట్టి చూశాం. కాబట్టి దీన్ని తెలుగు గొడవగా చూడొద్దు. "ఇంగ్లీషులో కొట్టండి" అన్నవాళ్లు రెండు భాషలవాళ్లకూ జవాబు చెప్పాలి.

జాబితా అచ్చుకు పంపకండి. ముందు ఆ ఫంక్షన్ మార్చండి. పాత చేతిరాత ఫారాలు ఆఫీసు బీరువాలోనే ఉన్నాయి. వచ్చే ఆదివారం మేము నలుగురం వచ్చి, వాటిని పక్కన పెట్టుకుని ఒక్కో పేరూ మళ్లీ ఎక్కిస్తాం. తాళం ఎవరి దగ్గర ఉందో కామెంట్లో చెప్పండి.